బెండకు పల్లాకు తెగులు: సూరత్ పొలాల్లో వైరస్ ఏది, శిలీంధ్రం ఏది?

సూరత్: వస్త్ర వ్యాపారానికీ, వజ్రాల సానకూ పేరొందిన సూరత్ నగరం చుట్టూ విస్తారమైన కూరగాయల సాగు ఉందన్న సంగతి బయటి ప్రాంతాలవారికి అంతగా తెలియదు. తాపీ నదిపై 1972లో పూర్తయిన ఉకాయి జలాశయం, దానికి దిగువన ఉన్న కాకరాపార్ ఆనకట్ట నుంచి వచ్చే కాలువ నీటితో ఓల్పాడ్, కామ్రేజ్, బార్డోలీ, మాండవీ, మహువా తాలూకాల్లో చెరకుతో పాటు బెండ, వంగ, చిక్కుడు, దొండ, సొర, మిరప పండుతాయి. వీటిలో బెండది ప్రత్యేక స్థానం. దేశంలో బెండ ఉత్పత్తిలో ముందు వరుసన నిలిచే రాష్ట్రాల్లో గుజరాత్ ఒకటి. ఆ రాష్ట్రంలో సూరత్, తాపీ, నవసారి జిల్లాలు ఈ పంటకు ప్రధాన స్థానాలు. గుజరాతీలో ‘భిండా’ అని పిలిచే ఈ కాయ నగరంలోని టోకు మార్కెట్‌కూ, అక్కడి నుంచి ముంబయికీ, ఇతర దేశాలకూ వెళ్తుంది. మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాల వంటింటికీ చేరేది ఈ బెండకాయే.

ఈ పంటకు దాదాపు ఒక శతాబ్దంగా ఒకే శత్రువు ఉంది. తెలుగు రైతులు దాన్ని పల్లాకు తెగులు అంటారు. శాస్త్రవేత్తలు ఎల్లో వీన్ మొజాయిక్ అంటారు. ఇది వైరస్ వల్ల వచ్చే వ్యాధి. ఒకసారి మొక్కలో ప్రవేశించాక దాన్ని తొలగించే మందు లేదు. అదే పొలంలో అదే బెండకు బూడిద తెగులు, ఆకుమచ్చ తెగులు కూడా వస్తాయి. అవి శిలీంధ్రాల వల్ల వచ్చేవి. సకాలంలో గుర్తిస్తే మందుకు లొంగుతాయి. ఈ రెండు జాతుల తెగుళ్ల మధ్య తేడాను పోల్చుకోలేకపోవడమే కూరగాయల రైతుకు అత్యధిక నష్టం తెచ్చిపెడుతోంది. వైరస్ సోకిన పొలంలో శిలీంధ్ర నాశనులు చల్లితే డబ్బు వృథా. శిలీంధ్రం సోకిన పొలాన్ని వైరస్ అనుకొని వదిలేస్తే పంట వృథా. తేడా తెలియనివారు సాధారణంగా రెండు మూడు రకాల మందులను ఒకే ట్యాంకులో కలిపి చల్లుతారు. ఆ మిశ్రమం చివరకు కాయపై మిగిలి వినియోగదారుడి పళ్లెంలోకి వస్తుంది.

ఈనెలు చెప్పే ఆనవాలు

పల్లాకు తెగులును గుర్తించడానికి సూక్ష్మదర్శిని అవసరం లేదు. లేత ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే చాలు. మొదట ఈనెలు మాత్రమే పసుపు రంగుకు మారుతాయి. ఈనెల మధ్య భాగం ఆకుపచ్చగానే ఉండటంతో ఆకుపై పసుపు దారాలతో వల అల్లినట్టు కనిపిస్తుంది. వ్యాధి ముదిరిన కొద్దీ ఈనెలు దళసరిగా మారి, మధ్య భాగం కూడా పసుపు రంగుకు తిరిగి, చివరకు ఆకు మొత్తం వెలిసిపోతుంది. కాయలు లేత పసుపు లేదా తెలుపు రంగుకు మారి, చిన్నవిగా, పీచుగా, గట్టిగా తయారవుతాయి. అటువంటి కాయకు మార్కెట్‌లో ధర ఉండదు.

ఇక్కడ మాటకు సంబంధించిన ఒక చిక్కు ఉంది. తెలుగులో ‘పచ్చ’ అనే పదం ఆకుపచ్చకూ, పసుపుపచ్చకూ చెల్లుతుంది. ‘ఆకు పచ్చబడింది’ అని ఫోనులో చెప్పిన రైతు మాటను అవతలివారు ఎలాగైనా అర్థం చేసుకోవచ్చు. ఏ భాగం ఏ రంగులో ఉందో విడమరచి చెప్పడం అవసరం. ఎందుకంటే ఇనుము లోపం ఉన్న పొలంలో లేత ఆకులు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా మారతాయి: ఈనెలు ఆకుపచ్చగా నిలిచి, వాటి మధ్య భాగం పసుపుబారుతుంది. నత్రజని లోపం ఉంటే ముదురు ఆకులు ముందుగా, మొత్తంగా పాలిపోతాయి. పచ్చదోమ రసం పీల్చిన ఆకులు అంచుల నుంచి పసుపుబారి, పైకి ముడుచుకొని, ఆ తరువాత ఎర్రబడి మాడినట్టు ఎండుతాయి. ఈనె పసుపైతే వైరస్, ఈనె మధ్య భాగం పసుపైతే పోషక లోపం అని గుర్తుంచుకుంటే చాలావరకు పొరపాటు తప్పుతుంది. పోషక లోపానికి ఉన్నది చవకైన చికిత్స. దాన్ని వైరస్ అని భ్రమించి పంట తీసేసినవారు లేకపోలేదు.

పెసర, మినుము పైర్లలో కనిపించే తెగులును కూడా తెలుగు రైతులు పల్లాకు తెగులనే పిలుస్తారు. ఈ పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. రెండూ తెల్లదోమ మోసుకొచ్చేవే, రెండింటి వైరస్‌లూ ఒకే ప్రజాతికి చెందినవే. అయినా అవి వేర్వేరు వైరస్‌లు. పక్క చేలో పెసరకు వచ్చిన పల్లాకు బెండకు పాకదు.

వందేళ్ల పరిశోధన

ఈ వ్యాధి గురించిన తొలి శాస్త్రీయ నమోదు పశ్చిమ భారతానికి చెందినదే. సూరత్ జిల్లా అప్పటికి బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. ఆ ప్రెసిడెన్సీలోని పంటలకు సోకే మొజాయిక్ వ్యాధులను వివరిస్తూ 1924లో జి.ఎస్. కులకర్ణి బెండపై దీన్ని ప్రస్తావించారు. 1940లో ఉప్పల్, వర్మ, కపూర్ ఇది వైరస్ వల్ల వచ్చేదని నిర్ధారించి, నేడు వాడుకలో ఉన్న పేరు పెట్టారు. ఆ తరువాత తెల్లదోమ పాత్ర వెల్లడైంది. అయినా అర్ధ శతాబ్దానికి పైగా ఒక ప్రశ్న మిగిలే ఉంది. మొక్క నుంచి వేరు చేసిన వైరస్‌ను ఒంటరిగా తిరిగి మొక్కలోకి ఎక్కిస్తే, పొలంలో కనిపించే లక్షణాలు పూర్తిగా రావడం లేదు. ఆ చిక్కును 2003లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు జోస్, ఉష విప్పారు. ప్రధాన వైరస్‌తో పాటు, దానిలో సుమారు సగం పరిమాణంలో ఉండే మరో చిన్న డీఎన్ఏ వలయం తోడుగా ఉంటేనే అసలు వ్యాధి పుడుతుందని వారు నిరూపించారు. సొంతంగా వృద్ధి చెందలేని ఈ ఉపగ్రహ డీఎన్ఏ మొక్క రక్షణ వ్యవస్థను అణచివేస్తుంది. ప్రధాన వైరస్ దాన్ని తన వెంట మోసుకుపోతుంది.

రైతుకు ఈ సంగతితో పనేమిటన్న ప్రశ్న సహజం. సమాధానం రకాల చరిత్రలో ఉంది. ప్రధాన వైరస్‌లు, ఉపగ్రహాలు ఒకే మొక్కలో కలిసినప్పుడు జన్యుభాగాలను మార్చుకుంటాయి. కొత్త జోడీలు ఏర్పడతాయి. ఒక రకపు బెండ ఒక జోడీని తట్టుకున్నా, మరో జోడీ ముందు తలవంచుతుంది.

న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో హర్‌భజన్ సింగ్ బృందం రూపొందించిన పూసా సావని రకం 1960 ప్రాంతంలో దేశమంతటా వ్యాపించింది. పశ్చిమ బెంగాల్ నుంచి సేకరించిన, లక్షణాలు చూపని ఒక బెండను పూసా మఖ్మలీతో సంకరం చేసి దాన్ని సాధించారు. కొన్నేళ్లకు ఆ నిరోధకత సన్నగిల్లింది. ఆపై మహారాష్ట్రలోని మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి పర్భణీ క్రాంతి, బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ నుంచి అర్కా అనామిక వచ్చాయి. ఈ రెండింటికీ అడవి బెండ జాతులతో సంకరం చేసి నిరోధక శక్తిని తెచ్చారు. ఒక తరం రైతులు వాటితో నిశ్చింతగా సాగు చేశారు. నేడు చాలా ప్రాంతాల్లో వాటిపైనా పల్లాకు కనిపిస్తోంది. ఇప్పుడు పొలాల్లో ఎక్కువగా కనిపించే ప్రైవేటు సంకర విత్తనాలదీ ఇదే దారి. సంచిపై ‘వైరస్‌ను తట్టుకుంటుంది’ అని ముద్రించిన మాటకు అర్థం, విడుదల చేసిన నాటి వైరస్‌ను, పరీక్షించిన చోట తట్టుకుందని మాత్రమే. తట్టుకోవడం అంటే సోకకపోవడం కాదు కూడా. సోకినా దిగుబడి అంతగా పడిపోకపోవడం. అటువంటి మొక్క బయటికి ఆరోగ్యంగా కనిపిస్తూనే పక్క మొక్కలకు వైరస్‌ను అందించే ప్రమాదం ఉంది.

తెల్లదోమ పని తీరు

మిల్లీమీటరు పొడవున్న బెమీసియా టబాకీ అనే తెల్లదోమ ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. పేరుకు దోమే కానీ ఇది పేనుబంకకు దగ్గరి చుట్టం. వ్యాధి సోకిన మొక్క నుంచి రసంతో పాటు లోపలికి వెళ్లిన వైరస్ పేగు గోడ దాటి, శరీర ద్రవంలో కలిసి, కొన్ని గంటల తరువాత లాలాజల గ్రంథులకు చేరుతుంది. అక్కడి నుంచి ఆ పురుగు తాకిన ప్రతి మొక్కకూ ప్రమాదమే. చాలా రోజులపాటు అది వైరస్‌ను మోస్తూనే ఉంటుంది. ఆకును ఆకుతో రుద్దితే ఈ వైరస్ సోకదు. కత్తెర ద్వారా, కూలీల చేతుల ద్వారా పాకదు. విత్తనం ద్వారా రాదని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. దారి ఒక్క తెల్లదోమే.

ఇక్కడే మందుల పరిమితి తేటతెల్లమవుతుంది. పక్క పొలం నుంచి ఎగిరివచ్చిన, అప్పటికే వైరస్ నిండిన తెల్లదోమ కొత్త ఆకుపై వాలి గంటలోపే వైరస్‌ను ఎక్కించగలదు. చల్లిన మందు దాన్ని చంపేది ఆ తరువాతే. పురుగు చచ్చినా పని జరిగిపోయింది. కాబట్టి పురుగుమందుతో సాధ్యమయ్యేది పొలంలోపల పుట్టి పెరిగే తెల్లదోమల సంఖ్యను తగ్గించడమే. బయటి నుంచి వచ్చే వాటిని ఆపడం కాదు.

సూరత్ ప్రాంతానికి ఇక్కడ మరో ప్రత్యేక సమస్య ఉంది. కాలువ నీరు ఏడాది పొడవునా అందడం వరమే. కానీ అదే కారణంగా ఫిబ్రవరిలో వేసిన వేసవి బెండ పూర్తి కాకముందే జూన్, జులైలో వానాకాలపు బెండ మొలకెత్తుతుంది. ముదురు పొలంలోని వైరస్, దానిపై పెరిగిన తెల్లదోమ నేరుగా లేత పొలానికి తరలిపోతాయి. వేసవి ఎండలో పొలాలు బీడుపడే వర్షాధార ప్రాంతంలో ఈ గొలుసు ఏడాదికి ఒకసారైనా తెగుతుంది, ఇక్కడ తెగదు. గోదావరి, కృష్ణా కాలువల కింద కూరగాయలు పండించే తెలుగు రైతులకు ఈ పరిస్థితి కొత్తది కాదు. పత్తి కూడా బెండ కుటుంబానికి చెందిన మొక్కే, తెల్లదోమకు ఇష్టమైన ఆశ్రయమే. దేశంలో తొలి వాణిజ్య సంకర పత్తి రకం హెచ్-4ను 1970లో సి.టి. పటేల్ అందించింది సూరత్‌లోని పత్తి పరిశోధన కేంద్రం నుంచే. పత్తి ముగిసే కాలానికి దానిపై పెరిగిన తెల్లదోమలు పక్కనున్న కూరగాయలపైకి చేరడం రెండు పంటలూ ఉన్న చోట్ల రైతులు చూసేదే.

నష్టం ఎంత అనేది మొక్క వయసుపై ఆధారపడి ఉంటుంది. 1974లో శాస్త్రి, సింగ్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం అది 50 నుంచి 94 శాతం వరకు ఉంటుంది; ఎంత తొందరగా సోకితే నష్టం అంత ఎక్కువ. మొలిచిన తొలి వారాల్లో సోకిన మొక్క నుంచి దాదాపు ఏమీ రాదు. రెండు నెలల తరువాత సోకితే అప్పటికే కోతలు చాలావరకు జరిగిపోయి ఉంటాయి. అందువల్ల మొత్తం రక్షణ వ్యూహం తొలి నెలన్నర రోజుల చుట్టూ తిరగాలి. ఆ తరువాత చల్లే మందులు సాధారణంగా రైతు మనశ్శాంతికే తప్ప పంటకు పనికిరావు.

శిలీంధ్రాలకు వేరే లెక్క

వైరస్ జీవకణం లోపల ఉంటుంది. శిలీంధ్రం చాలావరకు ఆకు పైనో, కణాల మధ్యనో తన పోగులు చాచుకొని పెరుగుతుంది. మందు దాన్ని చేరగలదు. అయితే శిలీంధ్రాలన్నీ ఒకే వాతావరణాన్ని కోరవు.

బెండపై బూడిద తెగులు ఆకుల రెండు వైపులా సున్నం చల్లినట్టు తెల్లని పొడిగా కనిపిస్తుంది. వాన తగ్గి, పగలు పొడిగా, రాత్రుళ్లు చల్లగా ఉండే అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్య కాలం దీనికి అనుకూలం. ఇతర శిలీంధ్రాల్లా మొలకెత్తడానికి దీనికి నీటి పొర అవసరం లేదు. పెద్ద వాన దీన్ని కడిగివేస్తుంది కూడా. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లడం పాతదైనా నేటికీ పనిచేసే పద్ధతి. మిట్టమధ్యాహ్నం, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గంధకం చల్లితే ఆకు మాడుతుంది. దోస, పుచ్చ జాతి తీగలు గంధకాన్ని అంతగా సహించవు; వాటికి వేరే మందు ఎంచుకోవాలి.

సెర్కోస్పోరా ఆకుమచ్చ తెగులు దీనికి విరుద్ధం. సూరత్‌లో ఏటా కురిసే సుమారు 1,200 మిల్లీమీటర్ల వర్షంలో అత్యధిక భాగం జూన్–సెప్టెంబర్ మధ్యనే పడుతుంది. గాలిలో తేమ నిండి, ఆకులు గంటల తరబడి తడిగా ఉండే ఆ రోజుల్లో ఆకు అడుగున మసి పూసినట్టు నల్లని మచ్చలు ఏర్పడి, ఆకులు రాలిపోతాయి. మొక్కల మధ్య దూరం పెంచి గాలి ఆడేలా చూడటం, రాలిన ఆకులు ఏరి తగలబెట్టడం మందు కంటే ముందు చేయవలసిన పనులు.

ఎండు తెగులు మట్టిలో ఉండే ఫ్యుజేరియం వల్ల వస్తుంది. మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి తేరుకున్నట్టు కనిపించే మొక్క కొద్ది రోజుల్లో పూర్తిగా ఎండిపోతుంది. కాండాన్ని నిలువునా చీలిస్తే లోపల గోధుమ రంగు గీతలు కనిపిస్తాయి. ఈ శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. వేరుముడి పురుగులు వేర్లకు చేసిన గాయాలు దానికి తలుపులు తీస్తాయి. పంట మార్పిడి, ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువు తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

నారుమడిలో టమాటా, వంగ, మిరప మొక్కలు నేలబారున మెత్తబడి పడిపోయే నారుకుళ్లు తెగులు, దోస, కాకర ఆకులపై కోణాకారపు పసుపు మచ్చలతో వచ్చే బూజు తెగులు, బంగాళాదుంప, టమాటాలకు వచ్చే ఆకుమాడు తెగులు కూడా శిలీంధ్ర వ్యాధులుగానే చలామణి అవుతాయి. నిజానికి వీటికి కారణమైన జీవులు అసలు శిలీంధ్రాలు కావు. నాచు జాతికి దగ్గరైన ఊమైసీట్లు అనే మరో సమూహం. ఇది పండితుల వాదం మాత్రమే అనుకోనక్కరలేదు. బూడిద తెగులుకు వాడే కార్బెండజిమ్ వంటి మందు బూజు తెగులుపై పనిచేయదు. మెటలాక్సిల్ వంటివి బూజుపై పనిచేస్తాయి, బూడిదపై పనిచేయవు. బూడిద, బూజు అనే రెండు తెలుగు మాటలు వినడానికి దగ్గరగా ఉన్నా, మందుల దుకాణంలో వాటిని తారుమారు చేస్తే ఫలితం శూన్యం. ఆకు పైన పొడి ఉంటే బూడిద. పైన పసుపు మచ్చ, సరిగ్గా దాని అడుగున ఉదా రంగు నూగు ఉంటే బూజు.

మిగతా కూరగాయల్లో

సూరత్ శీతాకాలపు వంటకం ఉంధియుకు ప్రాణమైన సూర్తీ పాపడి చిక్కుడుకు కూడా తెల్లదోమ ద్వారా పసుపు మొజాయిక్ సోకుతుంది. టమాటాలో ఆకుముడత వైరస్, మిరపలో తెలుగు రైతులు బొబ్బర అని పిలిచే ముడత తెగులు కూడా ఈ తెల్లదోమ చేతి పనే. మిరపలో జాగ్రత్త అవసరం: తామర పురుగుల వల్ల ఆకులు పైకి, నల్లి వల్ల కిందికి ముడుచుకుంటాయి, వైరస్ సోకితే ముడతతో పాటు ఆకులు చిన్నవై, కణుపులు దగ్గరపడి మొక్క గిడసబారుతుంది. టమాటా విషయంలో కొంత ఊరట ఉంది. ఆకుముడత వైరస్‌తో పాటు బాక్టీరియా ఎండు తెగులు, ముందు మాడు తెగులును కూడా తట్టుకొనే అర్కా రక్షక్ సంకర రకాన్ని బెంగళూరు సంస్థ విడుదల చేసింది.

వంగలో ఆకులు చిన్నవై, గుబురుగా పెరిగి, కాయ పట్టని వెర్రి తెగులును చాలామంది వైరస్ అనుకుంటారు. అది ఫైటోప్లాస్మా అనే బాక్టీరియా జాతి సూక్ష్మజీవి వల్ల, దీపపు పురుగుల ద్వారా వస్తుంది. రైతు చేయగలిగింది మాత్రం ఒకటే: మొక్కను పీకివేయడం.

తామర పురుగుల ద్వారా వచ్చే వైరస్‌ల విషయంలో తెలుగు నేలకు ఒక చేదు జ్ఞాపకం ఉంది. 2000లో అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్ల వేరుశనగను కాండం కుళ్లు వైరస్ దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్‌కు నిలయం గట్లపై పెరిగిన వయ్యారిభామ. ఆ కలుపు మొక్కలో ఏ లక్షణమూ కనిపించదు; దాని పుప్పొడిని మోసిన తామర పురుగులే వ్యాధిని పంచాయి. అదే వైరస్ బెండకూ సోకుతుంది. పొలం గట్టున పూసిన కలుపును పంటకు సంబంధం లేనిదిగా చూడటం ఎంత ప్రమాదమో ఆ ఏడాది తెలిసింది.

విత్తు నాటక ముందే

పల్లాకు నివారణలో ఫలితమిచ్చే పనులు చాలావరకు మొలకకు ముందో, మొలిచిన కొద్ది రోజులకో చేయవలసినవి. కిలో విత్తనానికి 5 గ్రాముల ఇమిడాక్లోప్రిడ్ పట్టించి, ఆరాక 4 గ్రాముల ట్రైకోడెర్మా విరిడితో శుద్ధి చేయడం తెలుగు రాష్ట్రాల్లో చాలాకాలంగా ఉన్న సిఫారసు. మొదటిది తొలి వారాల్లో రసం పీల్చే పురుగుల నుంచి, రెండవది మట్టిలోని శిలీంధ్రాల నుంచి కాపాడుతుంది. బెండ విత్తడానికి ముందే పొలం చుట్టూ రెండు మూడు వరుసల జొన్న లేదా మొక్కజొన్న వేస్తే ఎగిరివచ్చే తెల్లదోమలకు అది అడ్డుగోడ అవుతుంది. బెండతో పాటే వేస్తే ఆ గోడ ఎత్తు పెరిగేలోపు ప్రమాద కాలం దాటిపోతుంది. ఈ చిన్న సంగతిని చాలామంది పట్టించుకోరు. పసుపు రంగు జిగురు అట్టలు తెల్లదోమను నిర్మూలించవు, కానీ అది పొలంలోకి వచ్చిన రోజును తెలియజేస్తాయి. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్ల చొప్పున ఆకు అడుగు భాగం తడిసేలా చల్లాలి. పైపైన చల్లితే పురుగు ఉన్న చోటికి మందు చేరదు.

అన్నిటికంటే కష్టమైనది వ్యాధి సోకిన మొక్కను పీకడం. పల్లాకు సోకిన బెండ చావదు. నిలబడే ఉంటుంది, పూస్తుంది, అప్పుడప్పుడు కాయ కూడా ఇస్తుంది. చేతులారా పీకడానికి రైతుకు మనసొప్పదు. కానీ ఆ మొక్క బతికున్నంత కాలం ప్రతి తెల్లదోమకూ వైరస్‌ను అందిస్తూనే ఉంటుంది. తొలి నెలలో వారానికి రెండుసార్లు పొలం తిరిగి, ఈనె పసుపుబారిన ప్రతి మొక్కనూ పీకి పూడ్చివేస్తే మిగతా పొలం దక్కే అవకాశం ఉంది. పొలంలో సగం పసుపెక్కాక పీకడం వల్ల ఉపయోగం లేదు. ఒక్క రైతు పీకి, పక్క రైతు వదిలేసినా ఫలితం అంతంతే. ముదురు పంటను కోతలు ముగిసిన వెంటనే దున్నివేయాలని ఊరంతా ఒక మాట మీద నిలవగలిగితే, ఏ మందూ ఇవ్వని రక్షణ దొరుకుతుంది.

కోతకూ మందుకూ మధ్య

బెండకాయను రోజు విడిచి రోజు కోయాలి. రెండు రోజులు ఆలస్యమైతే కాయ ముదిరిపోతుంది. మరోవైపు ప్రతి మందుకూ చల్లిన తరువాత కోతకు ఆగవలసిన గడువు ఉంటుంది. అది చాలా మందులకు రెండు రోజుల కంటే ఎక్కువే. ఈ రెండు లెక్కలూ కలవవు. గడువు పాటిస్తే ఒక కోత నేలపాలు. పాటించకపోతే అవశేషం కాయతో పాటు మార్కెట్‌కు వెళ్తుంది. భారత బెండలో పురుగుమందుల అవశేషాలు కనిపించడంతో యూరోపియన్ యూనియన్ సరిహద్దుల వద్ద తనిఖీలను పెంచింది. ఎగుమతి సరుకు తిరిగివస్తే వార్త అవుతుంది. అదే కాయ స్థానిక మార్కెట్‌లో అమ్ముడైతే ఎవరికీ తెలియదు. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని కేంద్రం 2005లోనే నిషేధించింది. సీసాపై ఉన్న కాగితంలో ‘బెండ’ అని స్పష్టంగా లేని మందును బెండపై చల్లడం నిబంధనలకు విరుద్ధం. దుకాణదారు సలహా దానికి ప్రత్యామ్నాయం కాదు.

మందు పెరిగిన కొద్దీ తెల్లదోమ తగ్గుతుందన్నది కూడా భ్రమే. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి పొలాల్లో సింథటిక్ పైరెత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా వాడారు. తెల్లదోమను తినే మిత్రకీటకాలు నశించి, మందును తట్టుకునే తెల్లదోమలు మిగిలి, విపరీతంగా విజృంభించాయి. అప్పులపాలైన రైతుల ఆత్మహత్యలు 1987–88లో దేశం దృష్టికి వచ్చాయి. 2015లో పంజాబ్ పత్తిలోనూ తెల్లదోమ అదే స్థాయిలో విరుచుకుపడింది. కూరగాయల పొలం పత్తి చేను కంటే చిన్నది, కానీ పురుగు ఒక్కటే, దాని తీరూ ఒక్కటే.

అనుమానం ఉన్నప్పుడు నమూనా చూపించడమే ఉత్తమం. సూరత్ ప్రాంత రైతులకు 2004లో ఏర్పడిన నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం, దాని కృషి విజ్ఞాన కేంద్రాలు అందుబాటులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, జిల్లాల కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ పని చేస్తాయి. పూర్తిగా ఎండిన ఆకు కాకుండా, తెగులు ఇప్పుడే మొదలైన ఆకునూ, పక్కనే ఉన్న ఆరోగ్యకరమైన ఆకునూ కలిపి తీసుకెళ్లాలి. ఎండు తెగులు అనుమానమైతే మొక్కను వేర్లతో, కొద్దిపాటి మట్టితో సహా తవ్వి తీయాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే చెమ్మ చేరి దారిలోనే కుళ్లు పట్టి, అసలు తెగులు ఏదో తేల్చడం కష్టమవుతుంది. పాత వార్తాపత్రికలో చుట్టి, అదే రోజు చేర్చాలి. పొలంలో తెగులు ఎక్కడ మొదలైంది, గట్టు వైపా లేక నడిమధ్యనా, విత్తి ఎన్ని రోజులైంది, ఇప్పటివరకు ఏ మందు ఎప్పుడు చల్లారు అన్న వివరాలు ఒక కాగితంపై రాసి వెంట తీసుకెళ్తే నిపుణులకు సగం పని అక్కడే తీరుతుంది.